తుపాను, ఉప్పెన, వరద: ఇల్లు సిద్ధం చేసుకోవడం ఎలా, సాయం చేజారకుండా చూసుకోవడం ఎలా

తీర ప్రాంత లబ్ధిదారులకు సమాచారం

ఈ సమాచారం ఎవరికి?

శ్రీకాకుళం జిల్లా మొదలుకొని తిరుపతి జిల్లా వరకు సముద్రానికి, ఏటిపాయకు, మురుగు కాలువకు దగ్గరగా ఉంటున్న కుటుంబాలకు. బియ్యం కార్డు, పింఛను, ఇంటి పట్టా, మత్స్యకార గుర్తింపు కార్డు, పంట నమోదు వీటిలో ఏది ఉన్నా ఇది మీకు పనికొస్తుంది. ఫోన్లో దాచుకోండి. చదవలేని పెద్దవాళ్లకు ఇంట్లో పిల్లల చేత చదివించండి.

తుపాను కేంద్రానికి వెళ్లమంటే చాలామంది వెళ్లరు. మొండితనం వల్ల కాదు. గేదె ఉంది, వల ఉంది, బీరువాలో పట్టా ఉంది, టీవీ మొన్ననే కొన్నాం, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్న భయం వల్ల. కాబట్టి ముందు చేయాల్సిన పనులన్నీ ఒక్క పని కోసమే: వెళ్లమన్న గంటలో ఇల్లు వదిలి వెళ్లగలిగేలా ఉండటం. వస్తువు పోతే దానికి ఎంతో కొంత సాయం ఉంది. ఆ సాయం రావాలంటే ఆ వస్తువు మీదేనని చూపించే రుజువు మీ దగ్గర ఉండాలి.

నీళ్లు ఎటునుంచి వస్తాయి?

"మా ఊళ్లో వాన తగ్గిపోయింది, ఇంక ఏమవుతుందిలే" అనుకోవద్దు. తీరంలో నీళ్లు నాలుగు వైపుల నుంచి వస్తాయి.

మొదటిది ఉప్పెన. తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డుకు తోస్తుంది. నీళ్లు ఒక్కో కెరటంగా కాకుండా మట్టం మొత్తంగా లేచి ఊళ్లోకి వస్తాయి. అమావాస్య, పౌర్ణమి పోటు సమయానికి తుపాను తీరం దాటితే ఎత్తు ఇంకా పెరుగుతుంది. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగింది ఇదే. పదివేల మంది దాకా ప్రాణాలు పోయాయి. గాలికి కూలిన ఇళ్ల కంటే ఉప్పెన మింగిన ఊళ్లే ఎక్కువ. ఉప్పెన ముందు గోడ, తలుపు, ఇసుక బస్తా ఏదీ ఆగదు. దానికి ఉన్న జవాబు ఒక్కటే, ముందే ఊరు ఖాళీ చేయడం.

రెండోది వాన. ఇది అందరికీ తెలిసిందే.

మూడోది నది. గోదావరి లంకల వాళ్లకు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. భద్రాచలంలో ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. భద్రాచలంలో నీళ్లు పెరిగాయని టీవీలో చెప్పారంటే లంకల్లో సామాను సర్దడం మొదలుపెట్టాల్సిందే. మీ ఇంటి మీద ఎండ కాస్తున్నా సరే.

నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అది మురుగు కాలువ, అంటే మనం డ్రెయిన్ అనేది. డెల్టాలో నీళ్లన్నీ డ్రెయిన్ల గుండా సముద్రంలోకి పోవాలి. సముద్ర మట్టం లేచినప్పుడు అవి బయటికి పోవు, వెనక్కి తంతాయి. తుపాను దాటిపోయాక రెండో రోజో మూడో రోజో ఇంట్లోకి నీళ్లు రావడానికి కారణం ఇదే. గుర్రపు డెక్క, తూడు నిండిన డ్రెయిన్ అయితే మరీ ఆలస్యంగా లాగుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. వాగు గానీ డ్రెయిన్ గానీ పక్కనుంటే సముద్రం దూరమన్న ధైర్యం పనికిరాదు.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. మీ వీధిలో పెద్దవాళ్లను అడిగి, లోగడ నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో తెలుసుకోండి. ఆ ఎత్తున గోడ మీద పెయింటుతో గీత పెట్టండి. ఇంట్లో విలువైన వస్తువు ఏదైనా ఆ గీత మీద కనీసం రెండు అడుగుల ఎత్తున ఉండాలి. అది కుదరకపోతే ఆ వస్తువును వేరే చోటికి చేర్చాలి.

హెచ్చరికల్లో మాటలకు అర్థం

వాతావరణ శాఖ తుపాను గురించి సుమారు 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు గట్టి హెచ్చరిక ఇస్తుంది. రంగుల్లో చెబితే పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని, నారింజ అంటే సిద్ధంగా ఉండండి అని, ఎరుపు అంటే వెంటనే కదలండి అని. ఓడరేవుల్లో ఎగరేసే నంబర్లు ఓడల కోసం పెట్టినవి. అయినా మన వాళ్లు వాటినే గుర్తుపెట్టుకుంటారు కాబట్టి: 8, 9, 10 నంబర్లు అతి ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

ఫోన్‌కు పెద్ద శబ్దంతో వచ్చే ప్రభుత్వ హెచ్చరికను చూడకుండా తీసేయకండి. సచేత్ యాప్‌లో మీ జిల్లా పెట్టుకుంటే హెచ్చరికలు వస్తాయి. వాట్సాప్‌లో తిరిగే పాత తుపాను వీడియోలను నమ్మి పరుగులు పెట్టవద్దు, అలాగే "ఏం కాదులే" అన్న వాయిస్ మెసేజీలు విని ఇంట్లో కూర్చోవద్దు. సచివాలయం సిబ్బంది, మైకులో దండోరా, రేడియో చెప్పే మాటనే లెక్కలోకి తీసుకోండి.

ఎండ ఉన్నప్పుడే చేయాల్సిన ఇంటి పని

బంగాళాఖాతంలో మన తీరానికి పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో వస్తాయి. మే నెలలోనూ వస్తాయి, 2010లో లైలా అలాగే వచ్చింది. కాబట్టి పైకప్పు పని ఏప్రిల్‌లో ఒకసారి, దసరా లోపు మరోసారి చూసుకోవాలి.

తాటాకు ఇల్లయితే కప్పు మీద వల పరిచినట్టు అడ్డంగా, నిలువుగా మోకులు వేసి, చివర్లు నేలలో లోతుగా దిగ్గొట్టిన గూటాలకు కట్టండి. పాత వల ఉంటే దాన్నే కప్పు మీద పరిచి కట్టవచ్చు. మన తీరంలో పూర్వం చుట్టిళ్లు కట్టింది ఊరికే కాదు. గుండ్రటి గోడను గాలి పట్టుకోలేదు, పక్కకు జారిపోతుంది. ఇప్పుడు కొత్తగా పాక వేసేవాళ్లు కూడా కప్పును మరీ చదునుగా వేయకుండా, చూరు బయటికి ఎక్కువ రాకుండా చూసుకుంటే గాలికి లేచిపోయే అవకాశం తగ్గుతుంది.

రేకుల ఇల్లు ఇంకా ప్రమాదం. ఎగిరిన రేకు పక్కింటి మనిషిని కోసేస్తుంది. కొక్కెం బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి, వదులైన చోట కొత్తవి వేయించండి. రేకుల మీద ఊరికే ఇటుకలు, రాళ్లు పెట్టవద్దు, గాలికి అవే దొర్లి మీద పడతాయి. ఇసుక బస్తాలు వేస్తే రెండేసి కలిపి తాడుతో కట్టి, కప్పుకు చెరో వైపు వేలాడేలా వేయాలి. పెంకుటింట్లో పగిలిన పెంకులు మార్చి, చూరు వరసలకు సున్నం గానీ సిమెంటు గానీ పట్టించండి.

ఇంటి మీదకు వంగిన కొమ్మలు కొట్టించండి. కొబ్బరి చెట్టుకు ఎండు మట్టలు, ముదిరిన గెలలు దింపేయండి. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో చెట్లు ఎలా పడ్డాయో చూసిన వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు.

ఇంటి ముందు కాలువలో చెత్త తీయడం పంచాయతీ పనే. అయినా మీ గడప ముందు ఆరడుగులు మీరు తీసుకుంటే నీళ్లు ముందు మీ వాకిట్లోంచే పోతాయి.

కాగితాలు, ఫొటోలు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. తుపాను తర్వాత ఎక్కువ మంది తిరిగేది వీటి కోసమే.

ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా, ఇంటి పన్ను రశీదు, పట్టాదారు పాసుపుస్తకం, పంట నమోదు రశీదు, పడవ రిజిస్ట్రేషన్, మత్స్యకార కార్డు, డ్వాక్రా పొదుపు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, వికలాంగుల ధ్రువపత్రం, ఆసుపత్రి కాగితాలు. వీటిలో మీకు ఉన్నవన్నీ ఒకే చోటికి తెచ్చి, రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. ఆ సంచి బీరువా అడుగున కాకుండా, తలుపు దగ్గర కొక్కేనికి వేలాడాలి. ఇంట్లో ఎవరు ముందు బయటికి వెళితే వాళ్లు తీసుకెళ్లాలి.

ప్రతి కాగితానికీ ఫొటో తీయండి. ఫోను నీళ్లలో పడితే ఫొటోలూ పోతాయి. అందుకని ఆ ఫొటోలను వేరే ఊళ్లో ఉన్న కూతురికో, తమ్ముడికో, మేనమామకో వాట్సాప్‌లో పంపి, తీసేయకుండా ఉంచమని చెప్పండి. డిజీలాకర్ తెరిచి ఉంటే ఆధార్ లాంటివి అక్కడ ఎప్పుడైనా దొరుకుతాయి. తెరవడం రాకపోతే సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను అడగండి. ఓటీపీ మాత్రం ఎవరికీ ఫోన్లో చెప్పకండి.

తర్వాత ఇంటికి ఫొటోలు తీయండి. బయట నాలుగు వైపులా, లోపల ప్రతి గదీ, కప్పు. టీవీ, ఫ్రిజ్, కుట్టుమిషను విడివిడిగా. గేదె పక్కన యజమాని నిలబడి, చెవి పోగు నంబరు కనిపించేలా ఒకటి. పడవ నంబరు కనిపించేలా ఒకటి, వలలు పరిచి ఒకటి. తుపానుకు ముందు ఇలా ఉంది అని చూపించే ఫొటో ఉంటే నష్టం రాయడానికి వచ్చిన వాళ్లతో వాదన ఉండదు. అద్దెకు ఉండేవాళ్లు కూడా తీసుకోవాలి. కూలిన ఇంటికి ఇచ్చేది ఇంటివారికి వెళ్లినా, బట్టలకు, గిన్నెలకు ఇచ్చేది ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబానికి.

ఆఖరి 24 గంటలు

ముందుగా మనుషులు. నెలలు నిండిన గర్భిణిని హెచ్చరిక వచ్చిన రోజే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి, ఆశా కార్యకర్తకు చెబితే ఏర్పాటు చేస్తారు. డయాలసిస్ వాళ్లు, మంచం దిగలేని పెద్దవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల పేర్లు సచివాలయంలో ముందే రాయించండి. రోడ్డు మీద చెట్టు పడ్డాక 108 కూడా రాలేదు. బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా సంచిలో వేసుకోండి.

పశువులను మెరక ప్రాంతానికి తోలండి. అది కుదరకపోతే పలుపు విప్పి వదిలేయండి. కట్టేసిన గేదె నీళ్లలో చనిపోతుంది, విడిచిన గేదె ఈదుకుంటూ ఎక్కడో ఒక గట్టు ఎక్కుతుంది. కోళ్ల గంప కూడా తెరిచి ఉంచండి.

పడవను పోటు రేఖకు బాగా పైకి లాగి కట్టండి. ఇంజను విప్పి, వలలతో పాటు ఎత్తయిన చోట పెట్టండి. సముద్రంలో ఉన్న వాళ్లకు కబురు అందిందో లేదో మత్స్యశాఖ సిబ్బందితో రూఢి చేసుకోండి.

ఇంట్లో బియ్యం, పప్పులు మూత బిగిసే డ్రమ్ములో పోసి అటక ఎక్కించండి. బిందెలు, క్యాన్లు మంచినీళ్లతో నింపండి. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే గాలికి ఎగిరిపోతుంది, నిండా పట్టి ఉంచండి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి విప్పి, సిలిండర్‌ను కిటికీ ఊచకు తాడుతో కట్టండి. నీళ్లు వస్తే సిలిండర్ తేలుతుంది, దొర్లుతుంది. మరుగుదొడ్డి బేసిన్‌లో ఇసుక సంచి పెడితే గుంట నీళ్లు వెనక్కి తన్నకుండా కొంత ఆపుతుంది. ఎరువులు, పురుగుమందు డబ్బాలు నేల మీద వదలకండి, ఆ నీళ్లలోనే మీరు తర్వాత నడవాలి. ఫోన్లు, టార్చి చార్జింగ్ పెట్టుకోండి. చివరిగా, ఇల్లు వదిలే ముందు మెయిన్ స్విచ్ ఆపండి.

వెళ్లమన్నప్పుడు

పగటి పూటే వెళ్లండి. చీకటి పడ్డాక, గాలి మొదలయ్యాక రోడ్డు మీద ఉండటం ఇంట్లో ఉండటం కంటే ప్రమాదం. కాగితాల సంచి, మందులు, ఒక జత బట్టలు, ఆడపిల్లలకు ప్యాడ్లు, పసిపిల్లలకు పాలు, దుప్పటి, చిన్న నగలు ఉంటే ఒంటి మీద కాకుండా లోపలి సంచిలో. అంతకు మించి మోయకండి.

పునరావాస కేంద్రంలో రిజిస్టరులో కుటుంబంలో అందరి పేర్లూ రాయించండి. తర్వాత ప్రకటించే తక్షణ సాయానికి చాలాసార్లు ఆ రిజిస్టరే ఆధారం. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు శిబిరాల్లో ఉన్నవారికి మనిషికి 1,000 రూపాయలు, కుటుంబానికి 3,000 వరకు ప్రకటించారు. ప్రతి తుపానుకూ ఇదే మొత్తం ఉంటుందని కాదు, ఎప్పటికప్పుడు ఉత్తర్వు వస్తుంది.

గాలి హఠాత్తుగా ఆగిపోయి, ఆకాశం తేటబడితే తుపాను పోయిందనుకుని బయటికి రావద్దు. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్లీ కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజున విశాఖ వాళ్లు చూశారు. "పోయింది, రావచ్చు" అని అధికారులు చెప్పేదాకా లోపలే ఉండండి.

తిరిగి వచ్చాక

తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దు. తెగిన తీగ కనిపిస్తే 1912కు చెప్పండి, కర్రతో కూడా కదపకండి. నీళ్లు వచ్చిన ఇంట్లో పాములు అటక మీద, మంచం కింద, బట్టల మూటల్లో ఉంటాయి. కర్రతో తట్టి చూసి చెయ్యి పెట్టండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటు మందు ఏదీ వద్దు. కాలు చెయ్యి కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మునిగిన బావి నీళ్లు, బోరు నీళ్లు క్లోరిన్ కలిపే దాకా తాగవద్దు. కాచిన నీళ్లే తాగండి. కాలికి పుండు ఉంటే బురదలో దిగవద్దు. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ఇస్తూ ఏఎన్ఎంకు చెప్పండి.

ఇల్లు కడగాలని ఎంత ఆత్రంగా ఉన్నా ముందు ఫొటోలు తీయండి. గోడ మీద నీళ్లు నిలిచిన మరక, కూలిన గోడ, పాడైన సామాను, చనిపోయిన పశువు. ఆ తర్వాతే బురద ఎత్తండి. చనిపోయిన పశువును పశువైద్యుడు చూసి రాసే దాకా పూడ్చకండి. వెంటనే పూడ్చాల్సి వస్తే చెవి పోగు నంబరు కనిపించేలా ఫొటో తీసి, సాక్షుల్ని పెట్టుకోండి. పంట బీమా ఉన్న రైతు 72 గంటల్లోపు 14447 నంబరుకు గానీ వ్యవసాయ సిబ్బందికి గానీ తెలియజేయాలి.

సాయం ఎంత?

2022 నుంచి 2026 వరకు కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు స్పందన నిధి నిబంధనల్లో ఉన్న మొత్తాలు ఇవి. రాష్ట్రం వేరే ఉత్తర్వుతో ఎక్కువ ఇవ్వవచ్చు, చాలాసార్లు ఇచ్చింది కూడా.

మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. మరణానికి కారణం విపత్తేనని అధికారి ధ్రువీకరించాలి, కాబట్టి పోస్టుమార్టం వద్దని అనకండి. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000. కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. పశువుల పాకకు 3,000. ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకు మించి బాగా మునిగినా బట్టలకు 2,500, గిన్నెలకు 2,500. పాడి గేదె, ఆవుకు 37,500, మేక, గొర్రెకు 4,000. పడవ పూర్తిగా పోతే 15,000, మరమ్మతుకు 6,000. వల పూర్తిగా పోతే 4,000, చిరిగితే 3,000. పంటకు సాయం రావాలంటే నష్టం 33 శాతమైనా ఉండాలి.

ఈ డబ్బుతో పోయిందంతా తిరిగి రాదని మీకూ తెలుసు, రాసే వాళ్లకూ తెలుసు. అందుకే ఇంట్లో సంపాదించే ప్రతి మనిషికీ సురక్షా బీమా చేయించండి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు సంవత్సరానికి 20 రూపాయలు బ్యాంకు ఖాతాలోంచి పోతుంది, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తుంది. ఖాతాలో ఆ 20 రూపాయలు లేక బీమా ఆగిపోయిన ఇళ్లు ఉన్నాయి, మే నెలాఖరులో ఒకసారి చూసుకోండి.

నష్టం రాయడానికి వచ్చినప్పుడు ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఏం రాశారో చదివించుకుని సంతకం పెట్టండి. ఇంటి సాయానికి ఆ కట్టడం అనుమతి ఉన్నదేనని అధికారి ధ్రువీకరించాలి, పన్ను రశీదు, పట్టా అక్కడ పనికొస్తాయి. పేరు రాయడానికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. జాబితా సచివాలయం దగ్గర పెట్టినప్పుడు వెళ్లి చూడండి. పేరు లేకపోతే అప్పుడే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. ఖాతాకు ఆధార్ అనుసంధానం లేక డబ్బు ఆగిపోవడం మామూలే, అది తుపాను కాలం రాకముందే సరిచేసుకోవాలి.

ఫోన్ నంబర్లు

ఫోన్లోనే కాకుండా తలుపు వెనక సుద్దతో కూడా రాసి పెట్టుకోండి. అత్యవసరం 112. అంబులెన్స్ 108. రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070. జిల్లా కంట్రోల్ రూమ్ 1077. కరెంటు 1912. పంట బీమా 14447. మీ వీఆర్వో, ఏఎన్ఎం, పశువైద్యుడి నంబర్లు మీరే అడిగి కింద రాసుకోండి.